కత్తిరించిన పై వరుస

నార్త్‌డేల్, పీటర్‌మారిట్జ్‌బర్గ్
4 నవంబరు 1998

చిరంజీవి సుధీర్‌కు,

వాల్తేరు హాస్టల్లో మీ అమ్మమ్మా నేనూ మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆ చనువుతో రాస్తున్నానుగాని, ఇది కుశలం అడిగే ఉత్తరం కాదు. నాకు ఒక మనిషి మీద పగ తీర్చుకోవాలని ఉంది. అందుకు నీ విద్య కావాలి.

జరిగింది వరుసగా చెబుతాను. ఇది తెల్లవాళ్ల ప్రాంతమని చట్టం చేసి, ఊరి నడుమ ఉన్న మా పాత వీధులను అరవైలలో ఖాళీ చేయించిన సంగతి నువ్వు విన్నావు. పోయిన ఆ భూముల మీద హక్కు అడగవచ్చునని కొత్త ప్రభుత్వం అంది. గడువు ఈ డిసెంబరు 31. మా సంఘం నూట నలభై కుటుంబాల తరఫున దరఖాస్తులు వేయడానికి పూనుకుంది. ప్రతిదానికీ ఆ ఇంట్లో బతికినవాళ్ల వాంగ్మూలం జత చేయాలి. ఆ పని నాకు అప్పగించారు. ముప్పై రెండేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఈ వయసులో సంఘం వారి కంప్యూటరు నేర్చుకున్నాను. వాళ్లు ఎదురుగా కూర్చుని చెబుతూ ఉంటే నేరుగా అందులోకి ఎక్కించాను. పద్నాలుగు నెలలు పట్టింది. అచ్చులన్నీ చివర ఒకేసారి తీసి సంతకాలు చేయించాలన్నది కమిటీ తీర్మానం. కాబట్టి కాగితం మీద ఒక్క ముక్క లేదు. నకలు తీసే టేపు యంత్రం మార్చి నుంచి పాడై పడి ఉంది.

అక్టోబరు 28 మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా వాంగ్మూలాలను వీధుల వారీగా కొత్త ఫోల్డర్లలోకి సర్దుతున్నాను. తొమ్మిదింటిలో వీధి పేరు తప్పు పడితే తెరిచి దిద్దాను. నాలుగు గంటలకు ఎప్పటిలాగే కొండల మీద నుంచి ఉరుములు దిగాయి. ఒక్క మెరుపు, కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే నూట నలభైలో ఒక్కటీ లేదు.

ఆ యంత్రం బాధ్యత కీత్‌ది. మన పాత తెలుగు కుటుంబాల పిల్లవాడే, పెంతెకొస్తు చర్చిలో గిటారు వాయిస్తాడు. కమిటీ ముందు లేచి ఏమన్నాడో తెలుసా? "మిషీన్ ఫైన్, అంకుల్. ఆంటీ సేవ్ నొక్కలేదు, అంతే. ఓల్డ్ ఏజ్, నా?" అందరూ నవ్వారు. అధ్యక్షుడు నాగభూషణం నాకొక శాలువా కప్పి, "ఇంక రెస్టు తీసుకో అమ్మా" అన్నాడు. నా నోరు మూయించడానికి శాలువా!

నేను సేవ్ నొక్కాను. ప్రతి పేరా చివరా నొక్కాను. రాశానని తెర చెప్పేదాకా చేయి తీయలేదు. అబద్ధమాడింది యంత్రమో, ఆ కీత్ గాడో నాకు తెలియాలి; అది నలుగురి ముందూ రుజువు కావాలి. వాంగ్మూలాలు దొరికితే సంతోషమే. దొరకకపోయినా కీత్ నాకు దొరకాలి.

ఆశీస్సులతో,
భానుమతి


షాకాస్‌క్రాల్
9 నవంబరు 1998

పూజ్యులు భానుమతి అమ్మమ్మగారికి,

మీరు సేవ్ నొక్కారు. నాకు ఆ విషయంలో రవ్వంత అనుమానం కూడా లేదు.

ఆ కంప్యూటరులో నడిచేది యూనిక్స్ జాతి వ్యవస్థ. మా చక్కెర మిల్లులో ఉన్నదీ ఆ బాపతే. వీటి స్వభావం ఒకటి చెప్పాలి. మీరు సేవ్ నొక్కగానే అక్షరాలు డిస్కు మీదకు వెళ్లవు. ముందు మెమరీలో ఉంటాయి. డిస్కు నెమ్మది, మెమరీ చురుకు. మనిషిని నిలబెట్టడం ఎందుకని యంత్రం అప్పుడే "రాశాను" అనేస్తుంది. ముప్పై సెకన్లకోసారి ఒక చిన్న ప్రోగ్రాము లేచి, పోగుపడినదంతా డిస్కు మీదకు దించుతుంది. ఆ వ్యవధిని ఎవరైనా పెంచితే యంత్రం ఇంకా చురుగ్గా కనిపిస్తుంది. ఈలోగా కరెంటు పోతే, దించనిదంతా పోతుంది.

మీ విషయంలో నాకు కొంత ఆశ ఉంది. ఫైలు పేరు ఒకచోట ఉంటుంది, లోపలి విషయం మరోచోట. మీరు ఆ రోజు సర్దుతున్నందువల్ల పాత చోట పేర్లు చెరిగి, కొత్త చోట ఎక్కకముందే కరెంటు పోయి ఉంటుంది. విషయం మాత్రం ఇంకా డిస్కు మీద ఉండవచ్చు. మర్నాడు ఉదయం మరమ్మతు ప్రోగ్రాము నడిపి, అది అడిగిన ప్రతిదానికీ "ఔను" అని ఉంటారు. పేరు లేకుండా దొరికినవాటిని ఆ ప్రోగ్రాము "లాస్ట్ ఫౌండ్" అనే ఫోల్డర్లో పడేసి, పేర్లకు బదులు నంబర్లు తగిలిస్తుంది. దాన్ని తెరవాలంటే కీత్ పాస్‌వర్డ్ ఉండాలి.

పగ సంగతి తర్వాత చూద్దాం అమ్మమ్మగారూ. ముందు ఆ యంత్రంలో ఎవరినీ కొత్తగా ఏమీ రాయనివ్వకండి.

మీ మనవడి వంటి
సుధీర్


నార్త్‌డేల్
16 నవంబరు 1998

చి. సుధీర్,

గురువారం సంఘం కార్యాలయానికి వెళ్లాను. కీత్ ఉన్నాడు. గుమాస్తా బెరిల్ కూడా ఉంది. ఆవిడదీ కీత్ చర్చే. తెలుగులో ఆవిడకు మిగిలినవి తిట్లూ వంటకాల పేర్లూను. నన్ను మాత్రం అవ్వా అనే పిలుస్తుంది. కీత్ మాట్లాడేది ఇంగ్లీషు. నేను తెలుగు చేసి రాస్తున్నాను, వాడి వరస మాత్రం చెడనివ్వలేదు.

"ఆంటీ, రెస్టు తీసుకోమన్నారు కదా?"

"తీసుకుంటూనే వచ్చాను. నీ యంత్రం అంత వేగం ఎట్లా నడుస్తుందో చూద్దామని."

పొగడ్తకు లొంగని మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు.

"ముందు స్లో ఉండేది, ఐష్, చాలా స్లో. ఇప్పుడు చూడండి, కన్ను ఆర్పేలోపల సేవ్. నేనే ట్యూన్ చేసినా."

"ఏం చేశావు నాయనా?"

"థర్టీ సెకండ్స్‌కి ఒకసారి డిస్కు మీద రాసేది. నేను టెన్ మినిట్స్ పెట్టినా. డిస్కుకి రెస్టు, మనకి స్పీడు."

"ఆ పది నిమిషాల్లో కరెంటు పోతే?"

"పోదు నా, ఆంటీ. ప్రేయర్ ఉంది."

"చచ్చినోడా!" అంది బెరిల్. "అవ్వ ముందర ప్రేయర్ మీద జోకులేస్తావా?"

కంప్యూటరు అలమర తలుపుకు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. ఏ అంకె ఎక్కడ మార్చాలో చేతిరాతతో ఉంది. కాగితం పై అంచు కత్తెరతో కత్తిరించి ఉంది. ఎందుకని అడిగాను.

"పైన హిందూ ప్రేయర్ ఉండె ఆంటీ, తెలుగులో. మా అవ్వ కూడా ఏ కాగితం మీదైనా ముందు దేవుడి పేరు రాసేది. మేము బార్న్ అగెయిన్ కదా, మిషీన్ దగ్గర అది వద్దని కట్ చేసినా. నో అఫెన్స్."

తరువాత కీత్ భోజనానికి వెళ్లాడు. అతని పాస్‌వర్డ్ బెరిల్ డైరీలోనే ఉంది. నువ్వు చెప్పిన ఫోల్డరు తెరిచాం. నూట నలభై ఫైళ్లు, ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలు. మొదటిది తెరిచాను. "మా నాన్న గులాబీ అంట్లు లారీలో పెట్టుకుంటానంటే పోలీసు ఒప్పుకోలేదు" అని ఉంది. పేరు లేకపోతేనేం, ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. అక్కడే ఆ అంకె పక్కన మనిషి పేరు రాసుకున్నాను. బెరిల్ ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు వేరే పని ఉంది.

తొమ్మిది మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు నేను తెరిచి దిద్దినవి అవే అయి ఉంటాయి.

28వ తేదీ శనివారం సర్వసభ్య సమావేశం ఉంది. నలుగురూ చూస్తూ ఉండగా కీత్ చేతనే టైపు చేయించి, సేవ్ నొక్కించి, నా చేత్తో ప్లగ్గు లాగుతాను. సరిగ్గా ఎన్ని నిమిషాలకు లాగాలో చెప్పు.

ఆ కాగితం రాసింది ఎవరో నాకు తెలియలేదు. నీకేమైనా ఊహ ఉందా?

భానుమతి


షాకాస్‌క్రాల్
20 నవంబరు 1998

పూజ్యులు భానుమతి అమ్మమ్మగారికి,

మీరు సమావేశంలో ఏం చేసినా సరే, అంతకంటే ముందు ఆ ఫైళ్లకు నకళ్లు తీయండి. ఇప్పుడున్న స్థితిలో ప్లగ్గు లాగితే ఈసారి మరమ్మతు ప్రోగ్రాముకు ఏమీ దొరక్కపోవచ్చు. మీరు దులిపేది కీత్‌ను కాదు, ఆ నూట ముప్పై ఒక్కమందిని.

పద్ధతి వేరే కాగితం మీద రాసి జత చేశాను. రెండు ఫ్లాపీల మీద వేర్వేరుగా తీయండి. కాపీ అయ్యాక "సింక్" అని టైపు చేయించండి. చేతిలో దాచుకున్నదంతా ఇప్పుడే దించమని యంత్రాన్ని గద్దించడం అది. అయినా దాని మాట నమ్మకండి. ఫ్లాపీలను ఇంకొక కంప్యూటరులో పెట్టి, తెరిచి, చదవండి. తిరిగి చదివి చూడని నకలు నకలు కాదు.

తొమ్మిదీ ఖాళీ అయ్యాయంటే, వాటి పాత విషయం చెరిగి కొత్తది దిగకముందే కరెంటు పోయిందన్నమాట. అవి ఇక రావు. క్షమించండి.

ప్లగ్గు రెండు నిమిషాల లోపల లాగితే మీ రుజువు తప్పదు.

ఆ కాగితం ఎవరు రాశారో చెప్పడం కష్టం. ఇటువంటి అంకెలు చాలామంది దగ్గర తిరుగుతుంటాయి. డర్బన్‌లో ఎవరైనా ఇచ్చి ఉండవచ్చు. ఇంతకీ ఆ పై వరుసలో ఏముందో ఎవరైనా చదివారా?

సుధీర్


నార్త్‌డేల్
30 నవంబరు 1998

శ్రీ సుధీర్ గారికి,

మీరు చెప్పినట్టే నకళ్లు తీశాం. బెరిల్ ఇంటి కంప్యూటరులో నూట ముప్పై ఒక్కటీ తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. క్షేమంగా ఉన్నాయి. మీ సాంకేతిక సలహా నిర్దుష్టం, అందుకు కృతజ్ఞతలు.

శనివారం హాలు నిండింది. కంప్యూటరును వేదిక మీదకు తెప్పించాను. నాగభూషణం గారు, "ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా, మిషీను పని పిల్లలది" అన్నారు. "శాలువా కప్పించుకున్నదాన్ని, రెండు మాటలకు అర్హత లేదా?" అన్నాను. కూర్చున్నారు.

కీత్‌ను పిలిచాను. "నాయనా, ఆ రోజు కమిటీతో నువ్వు చెప్పిన మాట ఇందులో టైపు చెయ్యి" అన్నాను. ఇబ్బందిగా నవ్వుతూ కొట్టాడు: భానుమతి ఆంటీ సేవ్ చేయడం మరిచిపోయింది. "ఇప్పుడు సేవ్ నొక్కు" అన్నాను. నొక్కాడు. "ఏమంటోంది తెర?"

"రాశానంటోంది."

"నువ్వు నొక్కినట్టేనా? మరిచిపోలేదుగా?"

"లేదు, ఆంటీ."

"అందరూ విన్నారా?"

గ్లాసుతో మంచినీళ్లు తెప్పించుకుని నెమ్మదిగా తాగాను. గ్లాసు బల్ల మీద పెట్టి, వంగి, ప్లగ్గు లాగాను. తెర నల్లబడింది. నలభై ఏళ్లు పెద్దదాన్ని వాడికంటే. వంగితే నడుము పట్టేసింది, అయినా ఎవరి చేయీ అందుకోలేదు.

యంత్రం మళ్లీ లేచి, తన మరమ్మతులు చేసుకుని, సిద్ధమైంది. కీత్ వెతికాడు. వాడు టైపు చేసిన మాట ఎక్కడా లేదు. "ఇంకోసారి" అన్నాడు. "పదిసార్లు చెయ్యి" అన్నాను. రెండోసారి కూడా అంతే. వెనక వరుసలో ఎవరో, "కీత్, ఓల్డ్ ఏజ్, నా?" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. అక్టోబరులో నన్ను చూసి నవ్వినవాళ్లే వాళ్లు. అందుకని వాళ్లతో పాటు నేను నవ్వలేదు.

కీత్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలి వేస్తుందేమోనని ఆగి చూశాను. వేయలేదు. నా మీద వేసిన నింద అబద్ధమని మినిట్సు పుస్తకంలో వాడి చేతే రాయించాను, నిలబెట్టి చదివించాను, కంప్యూటరు గది తాళం తీసుకున్నాను. నాగభూషణం గారి శాలువా మడిచి ఆయన ఒళ్లో పెట్టి వచ్చాను.

ఇక మీ సంగతి.

మొదటి ఉత్తరంలోనే మీరు దొరికిపోయారు. మరమ్మతు "మర్నాడు ఉదయం" జరిగిందని నేను మీకు రాయలేదు. ప్రతిదానికీ "ఔను" అన్నారనీ రాయలేదు. ఆ తర్వాత అలమర తలుపుకు ఉన్న కాగితం చూశాను. నాకు వచ్చే ఉత్తరాల మీది తేదీల్లో తొమ్మిది తోక ఎట్లా వంకర తిరుగుతుందో, ఆ అంకెల్లోనూ అట్లాగే ఉంది.

దేవుడి పేరున్న కాగితాన్ని చెత్తలో వేయకూడదని బెరిల్ వాళ్ల అవ్వ నేర్పిందట. మతం మారినా ఆ భయం మారలేదు. కీత్ కత్తిరించి పారేసిన ముక్కను ఆవిడ ఏరి క్యాలెండరు వెనక దాచింది. నూట నలభై ఫైళ్లు దొరికిన ఆ రోజే నా చేతికి ఇచ్చింది. అందులో దేవుడి పేరు లేదు. "బ్యాటరీ లేనిచోట ఇది పెట్టవద్దు. కరెంటు పోతే సర్వనాశనం" అని ఉంది.

సమావేశంలో మీ పేరు ఎత్తలేదు. దయ తలచి అనుకోకండి. మీ వంతును ఆ నలుగురితో పంచుకోవడం నాకు ఇష్టం లేక.

జవాబు రాయండి.

భానుమతి


షాకాస్‌క్రాల్
4 డిసెంబరు 1998

భానుమతి అమ్మమ్మగారికి,

మీరు నన్ను "గారు" అన్నారు. కీత్‌ను నాయనా అన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు అర్థమైంది.

దాచకుండా చెబుతాను. మార్చి చివర ఉగాది భోజనాల దగ్గర కీత్ పరిచయమయ్యాడు. "నేనూ తెలుగే" అన్నాడు. ఈ దేశానికి వచ్చి నాకు అప్పటికి మూడు నెలలు. తెలుగువాడంటే తెలుగు చదువుతాడనే అనుకున్నాను. యంత్రం నెమ్మదిగా ఉందంటే మా మిల్లులో నేను పెట్టిన అంకెలున్న కాగితం చింపి ఇచ్చాను. మా దగ్గర కరెంటు పోతే గంటసేపు ఆదుకునే బ్యాటరీలున్నాయి. పోయినా చెరుకు తూకాలు మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆ తేడా మరవకూడదనే పైన ఆ వరుస రాశాను. నోటితో మాత్రం చెప్పలేదు. భోజనానికి పిలిస్తే లేచి వెళ్లాను.

పిడుగు పడిన మర్నాడు కీత్ ఫోన్ చేశాడు. మరమ్మతు ఎట్లా చేయాలో చెప్పాను. "ఆ అంకెల వల్లే కాదు కదా?" అని అడిగాడు. "చెప్పలేం" అన్నాను. చెప్పగలను. సంఘంవాళ్లు మిల్లుకు ఉత్తరం రాస్తారేమోనని భయపడ్డాను. వారం తర్వాత మీ ఉత్తరం వచ్చింది, శాలువా గురించి. అప్పుడైనా చెప్పవలసింది. ఫైళ్లు దొరికితే ఇక ఎవరు చేశారన్నది ఎవరికీ పట్టదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

జూన్‌తో ఇక్కడ నా ఒప్పందం ముగుస్తుంది. పొడిగించమని అడగకుండా వెళ్లిపోవాలని ఉంది. మీరు ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను.

సుధీర్


నార్త్‌డేల్
8 డిసెంబరు 1998

శ్రీ సుధీర్ గారికి,

మీ ఒప్పుకోలు చేరింది. బాగా రాశారు. బాగా రాసినంత మాత్రాన నా కోపం తగ్గుతుందనుకోకండి. కీత్ చేసింది తెలివితక్కువ పని, ఆ పైన పొగరు. మీరు తెలిసి ఊరుకున్నారు. ఈ వయసులో నాకు మతిపోయిందని ఊరంతా అనుకుంటూ ఉంటే, నిజం తెలిసిన మనిషి నూటముప్పై కిలోమీటర్ల దూరాన కూర్చుని నాకు ఫ్లాపీల గురించి పాఠాలు చెప్పాడు.

ఇప్పుడు పని వినండి. తొమ్మిది వాంగ్మూలాలు పోయాయి. ఆ తొమ్మిదిమందిలో ఆరుగురు బతికి ఉన్నారు. వాళ్లను నేను మళ్లీ కూర్చోబెట్టుకుంటాను. ముగ్గురు నాతో చెప్పిన తర్వాత చనిపోయారు. రామయ్య, సామ్, ఇంకా ఆష్టన్ వాళ్ల అమ్మ. వారసులు చెప్పినా చట్టప్రకారం చెల్లుతుంది. రామయ్య కూతురు వల్లీ, సామ్ భార్య మ్యాగీ, ఆష్టన్. ముగ్గురి చిరునామాలూ కింద ఇచ్చాను.

మీరు స్వయంగా వాళ్ల గుమ్మాల ముందుకు వెళ్లాలి. పోయినవాళ్ల మాటలు ఎందువల్ల పోయాయో మీ నోటితో చెప్పాలి. పిడుగు వల్ల అనకూడదు. కీత్ వల్ల అని కూడా అనకూడదు. కీత్ వంతు తీరిపోయింది. తర్వాత వాళ్లు ఇష్టపడితే వాళ్లు చెప్పింది చేత్తో రాసుకుని, అక్కడే సంతకం పెట్టించి, నాకు 22వ తేదీకల్లా అందజేయాలి. వాళ్లు ఇష్టపడకపోతే ఆ మూడు ఇళ్లూ మీ వల్ల రెండోసారి పోయినట్టే.

భానుమతి


షాకాస్‌క్రాల్
21 డిసెంబరు 1998

భానుమతి అమ్మమ్మగారికి,

మూడు వాంగ్మూలాలూ ఈ ఉత్తరంతో బెరిల్ గారి చేతికి పంపుతున్నాను.

మ్యాగీ గారు తలుపు తీయలేదు. ఇనుప గ్రిల్లు వెనక నుంచి, "అక్కడే నిలబడి చెప్పు" అన్నారు. చెప్పాను. "గట్టిగా చెప్పు. పక్కింటివాళ్లకు వినపడాలి. మా ఆయన ఆ రోజు పెళ్లికి వెళ్లినట్టు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాడు, ఆ టీచరమ్మకు చెప్పడానికి" అన్నారు. మూడుసార్లు చెప్పించారు. పక్కింటివాళ్లు నిజంగానే బయటికి వచ్చారు. తర్వాత ఆవిడ లోపల కుర్చీ వేసుకుని, గ్రిల్లు తీయకుండానే, తమ ఇల్లు ఎట్లా ఉండేదో గదులతో సహా చెప్పారు. నేను ఎండలో నిలబడి రాసుకున్నాను.

ఆష్టన్ నన్ను పెద్దగా పట్టించుకోలేదు. "అమ్మ చెప్పేసింది అనుకుని నిశ్చింతగా ఉన్నా" అన్నాడు. అర పేజీ చెప్పి పనికి వెళ్లిపోయాడు.

వల్లీ గారు నేను చెప్పడం ముగించకముందే క్షమించేశారు. నా తల మీద చేయి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. టీ ఇచ్చారు. "జీసస్ వదిలేసినాక నేనెవరు పట్టుకోను, తమ్ముడూ" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం తీసి, మీ ఇంటి గురించి చెప్పమన్నాను. "అప్పుడు నాకు నాలుగేళ్లు. ఇల్లు నాన్నకు తెలుసు. నాకు గుర్తున్నది లారీ ఒక్కటే" అన్నారు.

అంతే రాసుకున్నాను. లారీ గురించి ఆరు వరుసలు. వాటికి సంతకం పెట్టించాను.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో కారు ఆపుకోవలసి వచ్చింది. మీకు తృప్తి కలగాలని రాయడం లేదు. జరిగింది గనుక రాస్తున్నాను.

సుధీర్


నార్త్‌డేల్
1 జనవరి 1999

శ్రీ సుధీర్ గారికి,

నూట నలభై దరఖాస్తులూ నిన్న కాక మొన్న కార్యాలయంలో అందజేశాను. వరుసలో నాలుగు గంటలు నిలబడ్డాను. కుర్చీ ఇస్తామన్నారు, తీసుకోలేదు. ప్రతిదానికీ ముద్ర వేయించి రసీదు తెచ్చుకున్నాను.

వల్లీ దరఖాస్తు కూడా అందులో ఉంది, ఆరు వరుసలతో. వాళ్ల నాన్న రామయ్య నాకు ఆ ఇంటిని మూడు గంటలు చెప్పాడు. వంటింటి అటక ఎక్కడ, దానిమ్మ చెట్టు ఎక్కడ, ఏ కిటికీ వానకు ఉబ్బి మూసుకునేది కాదో చెప్పాడు. అదంతా నా చెవుల్లో ఉంది. కానీ నేను విన్న మాటను రామయ్య ప్రమాణం చేసి చెప్పిన మాటగా రాస్తే అది దొంగ వాంగ్మూలం. రాయలేదు. రాయనందుకు పది రోజులుగా నాకు నిద్ర సరిగ్గా లేదు. ఇదీ మీ పద్దులోకే వస్తుంది.

దారిలో కారు ఆపుకున్నానని రాశారు. నాకు తృప్తి కలిగింది. మీరు నిజం చెప్పారు గనుక నేనూ నిజమే చెబుతున్నాను. అయితే అది చాల్లేదు.

వల్లీని ఆమె దేవుడు క్షమించమన్నాడు, క్షమించింది. నాకు అటువంటి ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదు. మీకు నేను వేసే శిక్ష ఇది.

సంఘం కొత్త టేపు యంత్రం కొన్నది. ఆ గది తాళం ఇప్పుడు నా దగ్గర ఉంది. తిరిగి చదివి చూడని నకలు నకలు కాదని మీరే రాశారు. కనుక ప్రతి శనివారం ఉదయం పది గంటలకు మీరు నార్త్‌డేల్ రావాలి. టేపు నుంచి ఒక్క వాంగ్మూలాన్ని వెనక్కి తెచ్చి, తెర మీద తెరిచి, నా ఎదుట మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలి. గబగబ చదివితే మళ్లీ మొదలు పెట్టిస్తాను. ఆ ఇంటి వారసులు వినడానికి వస్తే వాళ్ల కోసం రెండోసారి చదవాలి. వారానికి ఒక్కటే. ఎవరి ఇల్లు ఎట్లా ఉండేదో, ఎవరు ఏ సామాను వదిలేసి లారీ ఎక్కారో, ప్రతి అక్షరం మీ నోటి మీదుగా పోవాలి. రామయ్య శనివారం వచ్చినప్పుడు ఆ ఆరు వరుసలు చదివి, మిగిలిన గంటంతా నా ఎదుట ఊరికే కూర్చోవాలి.

జూన్‌లో మీ ఒప్పందం ముగుస్తుందని తెలుసు. పొడిగించుకోండి. వెళ్లిపోతే ఎవరూ ఆపరు. కాకపోతే ఆ కాగితం ముక్క మీ అమ్మమ్మకు పోస్టులో అందుతుంది, పూర్తి వివరణతో. ఆవిడ నాకంటే కఠినురాలు. మూడేళ్లు ఒకే గదిలో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

మొదటిది జనవరి తొమ్మిది. నూట నలభయ్యోది 2001 సెప్టెంబరు ఎనిమిది. లెక్క రెండుసార్లు సరిచూశాను. అప్పటికి నాకు డెబ్భై నాలుగు నిండుతాయి.

నేను బతికే ఉంటాను.

భానుమతి